ఏడో అడ్రసు

సూర్యాపేట,
ఆగస్టు 24, ఆదివారం.

చిరంజీవి యమునకు బాపు దీవెనలు.

నేను బాగున్నాను. నానమ్మ బాగుంది. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం పద్ధతి. ‘అందరం’ దగ్గర పెన్ను ఆగింది. అందుకని పేర్లు పెట్టి రాశాను. మిర్యాలగూడలో నువ్వు కూడా బాగున్నావని అనుకుంటాను.

నీ ఉత్తరం గురువారం వచ్చింది. పోస్ట్‌మ్యాన్ బడికే తెచ్చి ఇచ్చాడు. “ఈ రోజుల్ల ఉత్తరాలు రాసుకునేటోళ్లు మీరే సారూ” అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. నా బిడ్డ ఫోను మోగితే తట్టుకోలేక దాన్ని పెట్టెలో పడేసిందని అతనికేం చెప్పను. మీ యాడి పోయి నాలుగు నెలల పదకొండు రోజులైంది. నువ్వు ఫోను ముట్టకుండా కూడా దాదాపు అన్ని రోజులే. పెద్ద చదువుల్లోకి వెళ్ళాక కూడా నువ్వు అమ్మ అనలేదు, మన లంబాడీ తండాలో పిలిచినట్టు యాడీ అనే పిలిచావు. ఆమెకు అది గర్వం. నీకు తెలుసో లేదో.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. నాలుగు అడిగావు. చివరిది చివర్లోనే రాస్తాను. తప్పించుకోను.

తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. పొద్దున కుక్కర్ నేనే పెట్టుకుంటాను. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే బండి మీద తండాకు పోతాను. చివ్వెంల బడి నుంచి పది నిమిషాలు. నానమ్మ జొన్నరొట్టె చేసి పెడుతుంది. మరో రెండు గుడ్డలో కట్టి ఇస్తుంది, అవి సాయంత్రానికి. మొన్న చూసినప్పుడు చిక్కిపోయానన్నావు. ప్యాంట్లు లూజైన మాట నిజం. బెల్టుకు కొత్త రంధ్రం పొడిచాను. బీపీ గోళీ మానలేదు.

తీజ్‌కు రాలేదని నానమ్మకు కోపం వచ్చిందా అని అడిగావు. రాలేదు. ఆడపిల్లలందరూ గోధుమలు చల్లిన బుట్టలు పట్టుకొని గుమిగూడితే, నానమ్మ గడపలోనే కూర్చుంది. నీ బుట్టను పక్కింటి పిల్ల అడిగిందట. “అది మా పిల్లది. ఏడాది తిరిగినంక అదే వచ్చి సల్లుకుంటది. నీకు కావాల్నంటే సంతకు పో” అని పంపించిందట. బుట్ట అటక మీద ఉంది. నేనే ఎక్కి పెట్టాను.

మూడోది ఇంటి నెట్‌వర్క్ గురించి. స్కాన్ చేస్తున్నావా, గేటు కెమెరా పాత పోర్టు మళ్ళీ తెరుచుకుందా అని అడిగావు. చేస్తున్నాను. తెరుచుకోలేదు. మే నెలలో అడిగినప్పుడు మానేశానని రాశాను. అది అబద్ధం. ప్రతి ఆదివారం పొద్దున చేస్తూనే ఉన్నాను. ఎందుకు చేస్తున్నానో కూడా ఈ ఉత్తరంలోనే రాస్తాను.

డిసెంబరులో నువ్వు నాలుగు రోజులు ఉన్నావు గుర్తుందా. మీ రైస్ మిల్లులో లారీలు తూచే కాంటా కంప్యూటర్‌కు ఎవడో బయటివాడు దూరాడని, మీరు మిల్లు నెట్‌వర్క్ మొత్తం జల్లెడ పట్టారని చెప్పావు. “మనింట్ల కూడా సూద్దాం బాపూ” అని నా పాత ల్యాప్‌టాప్ తీశావు. నల్ల తెర. బొమ్మలు లేవు, బటన్లు లేవు. nmap -sn 192.168.1.0/24 అని టైపు చేసి ఎంటర్ కొట్టావు. ఇంట్లో నెట్‌కు తగులుకున్న వస్తువులన్నీ వరుసగా పడ్డాయి. ఒక్కొక్కదానికి ఒక అడ్రసు. దాని కింద ఇంకో పొడుగు నంబరు, పక్కన దాన్ని తయారుచేసిన కంపెనీ పేరు.

యాడి బియ్యం ఏరుకుంటూ చూస్తోంది. “గదేం లెక్క?” అంది.

“ఇంట్ల నెట్ ఎవలెవలు వాడుతున్నరో సూస్తున్నం యాడీ.”

“ఇంట్ల ఎవలున్నరో తెల్వనీకి గింత రాయాల్నా? నన్నడుగు, చెప్త.”

నువ్వు పడీ పడీ నవ్వావు. “మాస్టరుకు మాస్టరు దొరికింది, ఇగ హోంవర్క్ చెయ్యకుంటే బెంచీ ఎక్కిస్తది” అని యాడి నన్ను కూడా ఒక మాట అంది. నేను లెక్కల సారునని, చెల్లెళ్ల పెళ్ళిళ్ళలో కూడా వేళ్ళు లెక్కపెట్టుకుంటానని ఆమెకు ఎప్పుడూ వెక్కిరింతే.

నాకు మాత్రం నచ్చింది. ఒక్కో వస్తువుకు అరవై ఐదు వేల ఐదు వందల ముప్పై ఆరు పోర్టులు, అంటే అన్ని తలుపులు ఉంటాయని చెప్పావు. రెండు ఘాతం పదహారు. నేను వెంటనే అన్నాను, నువ్వు ఆశ్చర్యపోయావు. మరుసటి వారం పదో తరగతికి ఘాతాంకాలు ఆ ఉదాహరణతోనే చెప్పాను. ఏ తలుపు తెరిచి ఉంది, ఏది మూసి ఉంది, ఏది జవాబే ఇవ్వడం లేదు అని ఈ ప్రోగ్రాం ఒక్కొక్కటి తట్టి చూస్తుందన్నావు. గేటు కెమెరాకు ఇరవై మూడో తలుపు తెరిచి ఉందని చూసి తిట్టుకుంటూ మూశావు. పోయే ముందు నా పాత డైరీలో మూడు పేజీలు రాసి పెట్టావు. మన ఆరు వస్తువుల జాబితా: రౌటరు, కెమెరా, టీవీ, ల్యాప్‌టాప్, బాపు ఫోను, యాడి ఫోను. తర్వాత కమాండ్లు. చివరి పేజీలో రెండు మాటలు, ఎర్ర ఇంకుతో.

ఒకటి: కొత్తది కనిపిస్తే ముందు ఇంట్లో అడుగు. తర్వాతే బ్లాక్ చెయ్.

రెండు: పింగ్‌కు, అంటే మన పిలుపుకు, జవాబు రాకపోతే లేదని అనుకోకు. -Pn పెట్టి, ఉందనుకొని చూడు.

ఆ డైరీ ఇప్పుడు నా ముందే ఉంది.

ఇక నీ సంగతి. మీ మేనేజరు దానియేలు మంగళవారం బడికి ఫోను చేశాడు. నువ్వు చెప్పలేదు, అతను చెప్పాడు. “సారూ, అమ్మాయి పని మానేస్తనని కాయితం ఇచ్చింది. నేను సేటుకు ఇయ్యలే. టేబుల్ సొరుగుల పెట్టిన. ఒకటో తారీఖు దాక ఆగుత. అటెన్క నా చేతిల లేదు. మిల్లుల కెమెరాలు, కాంటాలు, కంప్యూటర్లు అన్నీ ఆ పిల్ల చేతి మీద నడుస్తున్నయ్. గింత పని తెలిసిన పిల్ల నాకు మళ్ల దొరకది. జర చెప్పుండ్రి” అన్నాడు. మంచి మనిషిలా ఉన్నాడు. చివర్లో గొంతు తగ్గించి, “ఆ పొద్దు తన ఫోను ఆఫ్ ఉండెనట గద సారూ. అదే మనసుల పెట్టుకున్నది” అన్నాడు.

నీ ఉత్తరంలోనూ అదే ఉంది. ఆ ఆదివారం కొనుగోళ్ల సీజను, లారీలు గేటు దాకా నిలబడ్డాయి, కాంటా కంప్యూటర్ ఆగిపోయింది, నీ ఫోను చార్జింగ్ అయిపోతే ఆఫ్ చేసి ఆఫీసులో ప్లగ్గుకు పెట్టి పోయావు. తొమ్మిది నుంచి పది దాకా. యాడి ఫోనులో నీకు చేసిన కాల్స్ మూడు ఉన్నాయి. తొమ్మిది పన్నెండు, తొమ్మిది పద్నాలుగు, తొమ్మిది పంతొమ్మిది. ఆ మూడు అంకెలు నీ ఉత్తరంలో రాసి కింద గీత గీశావు. “ఆ గంట నాది బాపూ. ఫోన్లు, కంప్యూటర్లు ఇగ నాకొద్దు. ఇంటికొచ్చి నీకు వండి పెడుతూ ఉంట” అన్నావు.

ఆ వాక్యం గురువారం నుంచి ఎన్నిసార్లు చదివానో.

తర్వాత నీ నాలుగో ప్రశ్న. “యాడి మిరపకాయలు తిప్పనీకి మేడ మీదికి పోతూ పడ్డదని అందరన్నరు. మిరపకాయలు బుధవారమే ఎత్తి సంచులల్ల పోసిన అని నాతోటి చెప్పింది. మరి మెట్ల మీదికి ఎందుకు పోయింది బాపూ?”

ఈ ప్రశ్న నువ్వు ఎప్పుడో అడుగుతావని నాకు తెలుసు. పదో తారీఖున నేను మిర్యాలగూడ వచ్చింది దానికే. నువ్వు అడగకముందే చెబుదామని. మిల్లు గేటు ఎదురుగా బల్ల మీద కూర్చున్నాం. చాయ్ తెచ్చావు. ఊక లారీల గురించి అడిగాను. కిరాయి గదిలో నీళ్ళు వస్తున్నాయా అని అడిగాను. నీ కళ్ళ కింద నలుపు చూశాను. బస్సెక్కాను. నేరేడుచర్లలో దిగి వెనక్కి పోదామనుకున్నాను. దిగలేదు. ఎదురుగా కూర్చొని చెప్పే ధైర్యం నాకు లేదని ఆ రోజు తేలిపోయింది. కాయితం మీద ఉంది అనుకుంటాను. చూద్దాం.

ఏప్రిల్ పదమూడు, ఆదివారం. కోదాడలో అబ్రహాం సారు కొత్త ఇంటి ప్రార్థన. మధ్యాహ్నం పన్నెండింటికి. ఎండ ముదరకముందే పోవాలని ఎనిమిదింటికి బయల్దేరదామనుకున్నాను. యాడి నేనూ వస్తానంది.

“ఎండల నువ్వేడికొస్తవ్. బండి మీద గంట ప్రయాణం.”

“నీకు ఎండ లేదా? నాకే ఉంటదా? ఇరవై ఏడేండ్ల సంది గిదే మాట. చలికాలం చలి, వానకాలం వాన. నన్ను తోల్కపోయే కాలం యాడున్నదో జర పంచాంగం సూసి చెప్పు.”

నేను జవాబు చెప్పలేదు. ఆమె వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా పెట్టడం మొదలుపెట్టింది. ఇంతే. మా ఇద్దరికీ ఇలాంటివి వారానికి ఒకటి. సాయంత్రానికి పోయేవి.

ఇంకా టైము ఉంది. ఆదివారం కదా అని ల్యాప్‌టాప్ తీశాను. స్కాన్ చేశాను. ఆరుకు బదులు ఏడు వచ్చాయి.

మన ఆరు మనకే ఉన్నాయి. డైరీ చూసి ఒక్కొక్కటి టిక్కు పెట్టాను. యాడి ఫోను కూడా ఉంది. ఏడోదాని పక్కన కంపెనీ పేరు లేదు. Unknown అని ఉంది.

పక్కింటి రేణుకమ్మ అల్లుడు విజయ్ గుర్తొచ్చాడు. ఆ వారం మ్యాచులు నడుస్తున్నాయి. రెండు రోజుల ముందు గోడ మీద చేతులు పెట్టి, “సారూ, మీ వైఫై మా అరుగు దాక వస్తున్నది. పాస్‌వర్డ్ చెప్తే మీ పేరు చెప్పుకొని మ్యాచ్ సూస్త” అన్నాడు. ఎగతాళికే అన్నాడు. నేను చెప్పలేదు. ఏడోది చూడగానే వీడే అనుకున్నాను. ఎట్లనో సంపాదించాడనుకున్నాను.

ఎర్ర ఇంకుతో నువ్వు రాసింది నా కళ్ళ ముందే ఉంది. ముందు ఇంట్లో అడుగు. వంటిల్లు నా కుర్చీకి ఆరడుగుల దూరం. ఆమె గిన్నెలు పెట్టే చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను అడగలేదు. అలిగిన మనిషిని ముందు నేను పలకరించడం ఏమిటి అనుకున్నాను. రౌటరు పేజీ తెరిచి ఆ ఏడో నంబరును బ్లాక్‌లో పెట్టాను. ఏడు నలభైకి. బయటికి వచ్చి బండి తీస్తుంటే విజయ్ అరుగు మీద కూర్చొని ఫోను చూసుకుంటున్నాడు. ఇగ సూస్కో బిడ్డా అని లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది.

యాడికి శుక్రవారం తను పనిచేసే అంగన్‌వాడీ నుంచి కొత్త ఫోను ఇచ్చారు. పిల్లల బరువులు, గుడ్ల వివరాలు ఎక్కించడానికి. పాత ఫోనులోని సిమ్ము తీసి అందులో వేసుకుంది, వైఫై కూడా తనే పెట్టుకుంది. పాతది అలారం కోసం అల్మారా మీద చార్జింగుకు పెట్టింది. అందుకే అది కూడా స్కానులో కనిపించింది. శుక్రవారం సాయంత్రం నేను పేపర్లు దిద్దుతుంటే, “కొత్త ఫోను ఇచ్చిండ్రు, సూస్తవా” అంది. ఊఁ అన్నాను. తల ఎత్తలేదు. కొత్త ఫోన్లు తమ అసలు పొడుగు నంబరు దాచి వేరే నంబరు చెప్పుకుంటాయని, అందుకే కంపెనీ పేరు రాదని తర్వాత చదువుకున్నాను. నువ్వు నాకది చెప్పావో, చెబితే నేను వినలేదో గుర్తులేదు.

ఏడో అడ్రసు మీ యాడిది.

మిగతాది నీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. పక్కన ఫంక్షన్ హాలు లేచినప్పటి నుంచి మన ఇంట్లో సిగ్నల్ లేదు. మొదట్లో ఎవరితో మాట్లాడాలన్నా మేడ మీదికి పోయేవాళ్ళం. నువ్వే ఆ బాధ తప్పించావు, వైఫై మీదనే ఫోన్లు వచ్చేటట్టు పెట్టి. శనివారం సాయంత్రం కొత్త ఫోనులోంచి నీతో అరగంట మాట్లాడింది, వంటింట్లో స్టూలు మీద కూర్చొని. ఆదివారం పొద్దున ఆమెకు గుండెల్లో నొప్పి వచ్చినప్పుడు ఆ ఫోనుకు వైఫై లేదు. నేను తీసేశాను. మూడుసార్లు నీకు చేసింది. మూడూ మన గడప దాటలేదు. అప్పుడు పాత అలవాటు గుర్తొచ్చి ఉంటుంది. మేడ మెట్లు పద్దెనిమిది. పదకొండో మెట్టు దాకా ఎక్కింది. ఫోను చేతిలోనే ఉంది.

అందుకు పోయింది మేడ మీదికి.

రేణుకమ్మ బట్టలు తీయడానికి వచ్చి గోడ మీది నుంచి చూసింది. అప్పటికి పదిన్నర దాటింది. మీ యాడిని చేతుల మీద ఎత్తుకొని కిందికి దించి, ఆటోలో ఒడిలో పెట్టుకొని దవాఖానకు తీసుకుపోయింది విజయ్.

నేను కోదాడ నుంచి వచ్చేసరికి అయిపోయింది. గంట ముందు తెస్తే బతికేదా అని డాక్టరును అడిగాను. చెప్పలేం అన్నాడు. నిజంగానే చెప్పలేకపోయాడో, నా మొఖం చూసి చెప్పలేదో.

ఆ మూడు కాల్స్‌లో నాకు ఒక్కటి కూడా లేదు. బండి మీద ఉంటాను, ఎత్తలేను అనుకుందో. పొద్దున నేను జవాబు చెప్పలేదని చేయలేదో. నీ ప్రశ్నకు జవాబు ఉంది. దీనికి లేదు.

నాకు ఎప్పుడు తెలిసిందంటే, పదమూడో రోజున. చుట్టాలందరూ పోయారు. నువ్వు నానమ్మతో తండాకు పోయావు. ఫోను తిరిగి ఇవ్వాలని వాళ్ళ సూపర్‌వైజర్ కబురు పంపింది. ఇచ్చే ముందు ఆన్ చేశాను. వైఫై పట్టడం లేదు. ఎందుకు పట్టదు అని సెట్టింగుల్లోకి పోయి దాని పొడుగు నంబరు చూశాను. చివరి నాలుగు అక్షరాలు ఎక్కడో చూసినట్టు అనిపించింది. రౌటరులో బ్లాక్ జాబితా తెరిచాను. జాబితాలో ఒక్కటే ఉంది.

దాన్ని అక్కడి నుంచి తీసేశాను. ఫోనుకు వైఫై వచ్చింది. స్కాన్ చేశాను. Host is up, అంటే ఆ ఫోను ఉంది, అని పడింది. ల్యాప్‌టాప్ మూశాను. మరునాడు ఫోను ఇచ్చేసి సంతకం పెట్టి వచ్చాను.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే టైముకు స్కాన్ చేస్తున్నాను. ఎవరినో పట్టుకోవడానికి కాదు. ఏం వెతుకుతున్నానో నాకే తెలియదు. ఆరు వస్తాయి. ఆరింటికీ టిక్కులు పెడతాను. యాడి పాత ఫోను అల్మారా మీదే ఉంది, చార్జింగులోనే. జాబితాలోంచి దాన్ని కొట్టేయలేదు.

నాలుగు నెలలు నీకు చెప్పలేదు. మొదట్లో, చెబితే నువ్వు కూడా పోతావని భయం. తర్వాత నువ్వు ఆ గంటను నీ మీద వేసుకున్నావని తెలిసింది. అప్పుడైనా చెప్పాలి. చెప్పలేదు. మనసులో ఒక మూల కొంచెం తేలిక కూడా అయింది యమునా, మోసేవాళ్ళు ఇంకొకరు ఉన్నారని. స్కాన్ చేసింది పొరపాటు. బ్లాక్ చేసింది పొరపాటు. ఇది పొరపాటు కాదు. రాయకపోతే ఈ ఉత్తరం సగం అబద్ధం అవుతుంది.

నీ ఫోను ఆ గంట ఆన్‌లో ఉన్నా, నీ చేతిలోనే ఉన్నా, అది మోగేది కాదు. ఇది తండ్రి ఓదార్పు మాట కాదు. లెక్క. నువ్వు నాకంటే బాగా తెలిసినదానివి, రౌటరు లాగ్ ప్రింటు తీసి ఇందులోనే పెట్టాను, చూసుకో. ఏడు నలభైకి నేను పెట్టిన బ్లాక్ అందులో ఉంది.

నన్ను క్షమించమని అడగడం లేదు. నువ్వు నేర్పిన పనితో ఇట్లా అయిందని కూడా అనుకోకు. నువ్వు ముందు ఇంట్లో అడుగు అనే నేర్పావు. ఆమె కూడా నన్నడుగు, చెప్త అనే చెప్పింది. ఇద్దరూ చెప్పారు. నేను అడగలేదు.

పని మానాలనిపిస్తే మానెయ్. అలసిపోయానంటే ఇంటికి రా, తండాకు రా. నాకు వండి పెట్టడానికి మాత్రం రావద్దు. ఆ గంట కోసం మానొద్దు. ఆ గంట నీది కాదు, నాకు తిరిగి ఇచ్చెయ్. దానియేలు ఒకటో తారీఖు దాకా ఆగుతానన్నాడు. కాయితం సొరుగులోనే ఉంది. ఈ ఉత్తరం బుధవారానికి అందుతుంది.

నిన్న విజయ్ ఇంటికి పోయాను. మొత్తం చెప్పాను. రేణుకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విజయ్ చేతిలోని ఫోను పక్కన పెట్టాడు. తిడతాడనుకున్నాను. “నేను మీ వైఫై ఎన్నడు వాడలే సారూ” అన్నాడు. తెలుసన్నాను. పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసి ఇచ్చాను. వద్దన్నాడు. “తీస్కో బిడ్డా, పెద్దమనిషి ఇస్తుంటే” అని రేణుకమ్మ అల్లుడి చేతిలో పెట్టింది. ఈ పొద్దు స్కానులో ఏడు వచ్చాయి. ఏడోది ఎవరిదో గోడ దగ్గరికి పోయి అడిగి, డైరీలో పేరు రాసుకున్నాను.

ఇంకొక్కటి. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మేడ ఎక్కి నీకు ఫోను చేస్తాను. నీ ఫోను పెట్టెలో ఉందని తెలుసు. స్విచ్ ఆఫ్ అని వస్తుంది. పూర్తిగా విని పెట్టేస్తాను. ఆపై ఆదివారం మళ్ళీ చేస్తాను. నువ్వు ఎత్తాలని కాదు. డైరీలో నీ మొదటి మాట నేను పాటించలేదు. రెండోదైనా పాటిస్తాను. ఉన్నావనుకొనే చేస్తాను.

ఇట్లు,
మేడ మెట్ల మీద కూర్చొని రాసిన
మీ బాపు,
రాందాస్.